చక్రపాణి చేతికే తిరిగే రష్యా వాచీ

“అయితే మొన్న ఏమన్నావు నువ్వు? ఇక ఆగదన్నావు. నీ మాట నమ్మి ఇంటికెళ్ళి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఇది నాకంటే ముందే పడుకుంది.”

బాపిరాజు మాస్టారు వాచీ విప్పి గాజు బల్ల మీద పెట్టి, పక్కనున్న ఎత్తుపీట మీద కూర్చున్నారు. ఇది మూడోసారి. మొదటిసారి నవ్వుతూ వచ్చారు. రెండోసారి నవ్వీ నవ్వనట్టు వచ్చారు. ఈసారి మొహంలో ఆ రెండూ లేవు.

చక్రపాణి వాచీని అరచేతిలోకి తీసుకుని, చంటిపిల్లకి గిలక్కాయ ఆడించినట్టు అటూ ఇటూ ఊపాడు. సెకన్ల ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి, ఏమీ ఎరగనట్టు నడక మొదలుపెట్టింది.

“ఇగో, నడుస్తున్నది గద సార్.”

“నీ చేతిలో నడుస్తుందయ్యా. నీ చెయ్యి తగిలితే చాలు, కొత్త కోడల్లా తలొంచుకుని నడుస్తుంది. నా దగ్గరికొచ్చాకే దానికి మంకుపట్టు.”

“పొద్దటిసంది రాత్రి దాక చేతికే ఉంటదా?”

“స్నానానికి తప్ప తియ్యను.”

“కుడిచేతికే గద?”

“పాతికేళ్ళ నుంచీ కుడిచేతికే కదయ్యా, కొత్తగా అడుగుతావేంటి?”

“అడగాలె సార్. దవాఖానల డాక్టరు అడగడా, అన్నం తింటున్నవా అని. దీనికి చెయ్యి ఆడుడే అన్నం.” చక్రపాణి కాస్త ఆగాడు. “మరి చెయ్యి… ఎప్పటి లెక్కనే ఆడుతున్నదా?”

మాస్టారి చూపు వీధిలోకి పోయింది. కొత్తపేట పండ్ల మార్కెట్టు వైపు నుంచి బత్తాయిల తోపుడుబండి ఒకటి వస్తోంది. అది దాటి పోయేదాకా చూసి, “ఎప్పటిలాగే. నా చేతికి తీరికెక్కడిది?” అన్నారు.

చక్రపాణి ఇంకో ప్రశ్న నోటి దాకా తెచ్చుకుని మింగేశాడు.

“ఒక మాట చెప్తాను, మనసులో పెట్టుకోకు,” అన్నారు మాస్టారు. “కోఠీలో ఒకతను ఉన్నాడట. ఇలాంటి పాతవాటి లోపలి మిషనంతా ఊడబెరికి, బ్యాటరీ మిషను బిగిస్తాడట. పైన డయలు అదే, కేసు అదే. చూసేవాళ్ళకి తేడా తెలియదు. ఇక ఆగడం ఉండదు, నిన్ను విసిగించడమూ ఉండదు.”

“మరి లోపటిది?”

“దాన్నేం చేసుకుంటాను? తుక్కేగా.”

చక్రపాణి చేతిలో వాచీ టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఆ మాట విననట్టే.

“ఎప్పుడు పోతరు సార్ కోఠీకి?”

“బస్సులు మొదలవ్వగానే. ఆటోవాళ్ళు దిల్‌సుఖ్‌నగర్ దాటి రామంటున్నారు కదా. మొదటి బస్సెక్కి వెళ్ళిపోతాను. అప్పటిదాకా నీకు గడువు, సరేనా?”

సరే అనక ఏమంటాడు. మాస్టారు వెళ్ళిపోయాక వాచీని బోర్లా తిప్పి వెనక మూత కేసి చూశాడు. ఈ వాచీని మొదటిసారి తెరిచిన రోజు, లోపల చూసి ఈలవేసిన తన నోరు గుర్తొచ్చింది. ఇప్పుడు అదే నోట్లోంచి తిట్టు ఒకటి వచ్చింది. అది వాచీని అన్నదో, కోఠీ వాణ్ణి అన్నదో, తనని తాను అనుకున్నదో, వాడికే తెలియదు.

అది రెండువేల పదకొండు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు. సింగరేణిలో బొగ్గు తవ్వే చేతులు ఆగిపోయాయి కాబట్టి కరెంటు ఎప్పుడు పోతుందో, పోయింది ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఎల్‌బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎక్కడ చూసినా టెంట్లు, రోడ్డు మీద వంటా వార్పూ, సాయంత్రమైతే బతుకమ్మలు.

కొత్తపేటలో ఒక మూడంతస్తుల బిల్డింగు మెట్ల కింద, మనిషి నిలబడితే నెత్తికి తగిలే చోటులో చక్రపాణి కొట్టు. పైనుంచి ఎవరు దిగినా ఆ అడుగుల చప్పుడు వాడి వీపు మీదే పడుతుంది. ఇంట్లో పెట్టిన పేరు అలా కలిసొచ్చింది కానీ, వాడి వంశంలో చేతిలో చక్రాలు పట్టినవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళది పోచంపల్లి పక్క. తండ్రి గుంతమగ్గం మీద చిటికీ అనే ఇక్కత్ చీరలు నేశాడు. చక్రపాణి కూడా మీసం రాకముందే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు కానీ, నేతలో వాడి మనసు నిలిచేది కాదు. మగ్గం ఎలా పనిచేస్తుందో చూడటంలో నిలిచేది. నేసిన బట్ట దోనె అనే గుండ్రటి దుంగకు చుట్టుకునే చోట ఒక పళ్ళ చక్రం, దానిమీద ఒక కొక్కెం ఉంటాయి. పోగు మోసే నాడె ఎడమనుంచి కుడికి పోతుంది, కుడినుంచి ఎడమకు వస్తుంది, కానీ బట్ట మాత్రం ఎప్పుడూ ఒకే వైపు చుట్టుకుంటుంది. వెనక్కి రాదు. రానివ్వకుండా ఆ కొక్కెం కాపలా కాస్తుంది. ఒకసారి ఆ కొక్కెం ఎట్లా పట్టుకుంటుందో చూద్దామని ఊడదీశాడు. నేసిన చీరంతా వదులై కూర్చుంది. తండ్రి వాడి వీపు విమానం మోత మోగించి, “నీకు నేసుడు గాదు, విప్పుడు కావాలె,” అని పట్నంలో పత్తర్‌గట్టీ పక్క సందులో వాచీలు చేసే ఒక ఉస్తాదు దగ్గర వదిలేసి వచ్చాడు. విప్పడానికే పుట్టాడు కాబట్టి అక్కడ కుదురుకున్నాడు.

కొత్తపేట వచ్చి కొట్టు పెట్టాక మంచి రోజులు చూశాడు. పెళ్ళి అంటే అల్లుడికి వాచీ ఉండాల్సిందే అన్న కాలం. తర్వాత ఫోన్లు వచ్చాయి. ఫోనులోనే టైము ఉండగా ఇంకా చేతికి ఎందుకని జనం వాచీలు విప్పేశారు. ఇప్పుడు కొట్టులో సగం పని గడియారాల సెల్లులు మార్చడం, బెల్టులకు బెజ్జాలు వెయ్యడం. మనిషి మాత్రం మారలేదు. స్ప్రింగు మిషను తీసేసి బ్యాటరీది పెట్టమని వచ్చినవాళ్ళను మర్యాదగానే వెళ్ళగొడతాడు. “గుండెకాయ దీసి బ్యాటరీ లైటు పెట్టుమంటే పెడుతారా ఎవరన్న?” అంటాడు. అందుకే కోఠీ మాట వాడికి ముల్లులా గుచ్చుకుంది. అందులోనూ ఈ వాచీకి.

బాపిరాజు మాస్టారిది భీమవరం పక్క. కుర్రతనంలో విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు అక్కడ కొలతల పనిలో చేరారు. కట్టడానికి సాయం వచ్చిన రష్యా ఇంజనీర్లలో ఒకాయన కూతురికి లెక్కలంటే భయం. భాష రాకపోయినా లెక్కలకు భాషెందుకని మాస్టారు పలక మీద బొమ్మలు గీసి నేర్పారు. వెళ్ళిపోయేటప్పుడు ఆ ఇంజనీరు తన చేతి వాచీ విప్పి ఈయన చేతికి పెట్టాడు. కొలతల పని వదిలి పాఠాలు చెప్పడమే తన పని అని మాస్టారికి ఆ రోజే తెలిసిందట. అలా దిల్‌సుఖ్‌నగర్ చేరి, కోచింగ్ సెంటర్లలో నల్లబోర్డులు నింపుతూ పాతికేళ్ళు గడిపారు. బోర్డు మీద రాస్తూనే టైము చూసుకోవచ్చని వాచీ కుడిచేతికి పెట్టుకునేవారు. ఒక లెక్క మొదలుపెడితే బోర్డు ఈ చివరనుంచి ఆ చివరకు రాసి, తుడిచి, మళ్ళీ రాసి, సాయంత్రానికి భుజం దాకా సుద్దతో తెల్లబడి వచ్చేవారు. వాచీ తుడిపించుకునే మిషతో చక్రపాణి కొట్టు దగ్గర ఆగేవారు. ఈయన ‘అండీ’ భాష, వాడి ‘గద’ భాష, మధ్యలో రెండు చాయలు. అలా పడిన స్నేహం.

ఆ వాచీ లోపల చూడాలి. వెనక మూత తీస్తే అర్ధచంద్రంలా ఒక బరువైన ఇనుప బిళ్ళ, మధ్యలో ఒక్క మేకు మీద నిలబడి ఉంటుంది. రోటరు అంటారు. చెయ్యి ఇటు ఊగితే ఇటు తిరుగుతుంది, అటు ఊగితే అటు తిరుగుతుంది. దానికింద దానిమ్మగింజ రంగులో రెండు చిన్న చక్రాలు. ఒక్కోదాని కడుపులో కంటికి ఆనీ ఆననంత కొక్కేలు. బిళ్ళ ఇటు తిరిగితే ఒక చక్రం పట్టుకుంటుంది, రెండోది జారిపోతుంది. అటు తిరిగితే రెండోది పట్టుకుంటుంది, మొదటిది జారిపోతుంది. చెయ్యి ఎటు ఆడినా సరే స్ప్రింగు మాత్రం ఒకే వైపు చుట్టుకుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడే చక్రపాణి ఈలవేశాడు. “ఇది మా నాయిన మగ్గం సార్. నాడె రెండు దిక్కుల పోతది, బట్ట ఒక్క దిక్కే చుట్టుకుంటది. ఆ రష్యావోడు పోచంపల్లి వచ్చి చూసి పోయిండేమో,” అన్నాడు. ఆ మాట మాస్టారు తన పిల్లలందరికీ చెప్పేవారు.

ఇంకో తమాషా ఉంది అందులో. మామూలు వాచీలో స్ప్రింగు చివర డబ్బా గోడకు తగిలించి ఉంటుంది, అందుకే చాబీ ఎక్కువ తిప్పితే తెగుతుంది. దీంట్లో తగిలించరు. ఆ చివర గోడను ఒరుసుకుని నిలబడుతుంది, చుట్టు నిండాక తనంతట తనే జారుతుంది. ఆకలేస్తే తిని, కడుపు నిండితే విస్తరి ముందునుంచి లేచిపోయే బుద్ధిమంతుడు అన్నమాట. అయితే పై చాబీకి సంబంధించిన పళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. ఆ ముక్క ఇక్కడ దొరకదు. చాబీతో ముళ్ళు తిప్పుకోవచ్చు కానీ స్ప్రింగు చుట్టలేం. కాబట్టి ఆ వాచీకి తిండి అంటూ దొరికితే చేతి నుంచే.

మొదటిసారి వచ్చినప్పుడు చక్రపాణి, పాత నూనె గట్టిపడిందనుకుని మొత్తం విప్పి కడిగాడు. రెండోసారి, ఆ ఎర్ర చక్రాల కొక్కేలు అతుక్కుంటున్నాయేమోనని వాటినే మళ్ళీ మళ్ళీ కడిగి ఆరబెట్టాడు. ఇప్పుడు మూడోసారి స్ప్రింగు డబ్బా తెరిచాడు. గోడకు నూనె ఎక్కువైతే స్ప్రింగు చివర నిలవకుండా ముందే జారిపోతుంది. సగం కడుపుకే నిండిందనుకుంటుంది. తుడిచి, ఉస్తాదు ఇచ్చిన నల్లటి గ్రీజు అడుగు బొడుగు గీకి రాశాడు. మధ్యలో కరెంటు పోయింది. కంటికి భూతద్దం, నోట్లో టార్చిలైటు, రెండు చేతుల్లో రెండు పనిముట్లు. అదే సమయానికి పైనుంచి ఎవరో బకెట్టుతో మెట్లు దిగారు. ఒక స్క్రూ ఎగిరి పడింది. దాన్ని వెతకడానికి వాడు నేల మీద పాకుతుంటే, సెల్లు మార్చుకోవడానికి వచ్చిన ఒకాయన, “ఏమైనా పోయిందా?” అని అడిగాడు.

“నా ఇజ్జతు,” అన్నాడు చక్రపాణి, నేల మీదనుంచే.

బిగించాక, పరీక్షకి అందరు వాచీ పనివాళ్ళు చేసేదే వాడూ చేశాడు. తన చేతికి పెట్టుకున్నాడు. సారు పెట్టుకున్నట్టే కుడిచేతికి. అలాగే సమ్మె టెంటులో తమ సంఘం వంతు కూర్చోవడానికి పోయాడు. అక్కడ ఎవరో ‘జై’ అంటారు, అందరి చేతులూ పైకి లేస్తాయి. ‘తెలంగాణ’ అంటారు, పిడికిళ్ళు గాల్లో ఊగుతాయి. చక్రపాణి గొంతు చిన్నది కాబట్టి ఆ లోటు చేత్తో తీర్చేవాడు. డప్పు మోగితే చప్పట్లు. రాత్రి ఇంటికొచ్చి చూసుకుంటే వాచీ నిండా తిన్న పిల్లాడిలా టిక్కుటిక్కు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒక్క సెకను తేడా లేదు.

అన్నం పళ్ళెం ముందు కూడా వాచీనే చూస్తున్న మొగుణ్ణి చూసి భూలక్ష్మి, “నన్ను గట్ల సూసినవా ఎన్నడన్న?” అంది. చీరలకు ఫాల్సు కుట్టీ కుట్టీ ఆమె మాటలు కూడా సూదిలాగే ఉంటాయి.

“నువ్వు ఆగితివా ఎన్నడన్న, సూడనీకి?”

“మంచిగనే నడుస్తుంది గద. ఇంకేంది పరేషాను?”

“నాకు నడుస్తుంది. సారుకు నడుస్తలేదు. అదే సమజైతలేదు.”

“మరి సారు ఇంటికి పోయి సూడరాదు? బీమారోన్ని దవాఖానల సూసుడు వేరు, ఇంట్ల సూసుడు వేరు.”

చక్రపాణి అన్నం కలుపుతూనే ఉన్నాడు. ఆ మాట వాడికి తట్టక కాదు. మాస్టారు ‘ఎప్పటిలాగే’ అన్నప్పుడే వాడికి అర్థమైంది, ఎక్కడో పాఠాలు నడుస్తున్నాయని. కోచింగ్ సెంటరు షట్టర్లు దిగి ఉన్నాయి. అంటే ఎక్కడో చాటుగా. ఎక్కడ అని అడిగితే ఆయన చెప్పాలి. చెబితే తనకు తెలుస్తుంది. తెలిస్తే టెంటులో ఉన్నవాళ్ళకు చెప్పాలి, లేదా వాళ్ళ దగ్గర దాచాలి. ఆ రెండూ వాడికి ఇష్టం లేవు. సమ్మె మొదలైన నాటి నుంచి ఇద్దరి మధ్యా ఒప్పందం రాసుకోకుండానే కుదిరిపోయింది. ఉల్లిపాయల ధర మాట్లాడుకుంటారు, దోమల సంగతి మాట్లాడుకుంటారు, ఆ ఒక్క మాట మాత్రం ఎత్తరు. ఇద్దరూ ఆ గోతి చుట్టూ తిరిగి నడుస్తారు.

“పోతే తెలుస్తది,” అన్నాడు చివరికి. “తెలిస్తే దాసాలె.”

“నీ లోపట ఎంత దాస్తవయ్యా, వాచీ డబ్బనా నువ్వు?” అని భూలక్ష్మి పళ్ళెం తీసేసింది.

వాచీ మాస్టారికి ఇచ్చాడు. రెండు రోజులు తిరక్కుండానే ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి పీట మీద కూర్చోలేదు. ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ. ముల్లు కదలడం లేదు.

“ఏమయ్యా చక్రపాణీ, ఒకటి అడగనా. దీనికి కూడా తెలిసిపోయినట్టుంది, ఎవరు లోకలో ఎవరు నాన్‌లోకలో. నీ చేతికి తిరుగుతుంది, నా చేతికి ఆగుతుంది.”

నవ్వుతూ అనబోయారు. నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ ఎవరూ తొక్కని గోతిలో ఇద్దరి కాళ్ళూ ఒకేసారి పడ్డాయి.

“అది రష్యాది సార్,” అన్నాడు చక్రపాణి. “నాకూ నాన్‌లోకలే, మీకూ నాన్‌లోకలే.”

“అయితే ఇద్దరికీ ఆగాలి కదా.”

ఆ లెక్క తేలకపోవడమే చక్రపాణిని తినేస్తోంది. తప్పు తనదైతే చెంపలేసుకుని ఒప్పుకునేవాడు. వాచీదైతే బాగుచేసేవాడు. ఏదీ కాని తప్పుని ఏం చెయ్యాలి? “మళ్లొకసారి ఇయ్యుండ్రి సార్,” అని చెయ్యి చాపాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

“వద్దులేవయ్యా. నిన్ను చూస్తే జాలేస్తోంది. బస్సులు రేపో మాపో అంటున్నారు. వెళ్ళొస్తాను.”

ఆ ‘వెళ్ళొస్తాను’లో రావడం అనే ముక్క వినిపించలేదు చక్రపాణికి.

బస్సులు అన్నట్టే మొదలయ్యాయి. పొద్దున్నే కొట్టు తాళం తీస్తుంటే, ఎల్‌బీనగర్ వైపు నుంచి ఒక ఎర్ర బస్సు హారను మోగించుకుంటూ కొత్తపేట దాటిపోయింది. పక్క కొట్టువాళ్ళు చప్పట్లు కొట్టారు. చక్రపాణి చేతిలో తాళం అలాగే ఉండిపోయింది. తెలంగాణ ఇంకా రాలేదు, బస్సు మాత్రం వచ్చేసింది. దాని మీద ఒక విసుగు. ఆ బస్సు ఎవరిని ఎక్కించుకుని ఎక్కడికి పోతుందో అన్న దాని మీద ఇంకో విసుగు. ఫోను తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు. ఏమని చెప్తాడు? ఎందుకు ఆగుతుందో తెలియదు కానీ మిషను మాత్రం తీయించకండి అని బతిమాలితే, ఆయన నవ్వి పెట్టేస్తారు. మొహం చూసి అడిగితే కాదనలేరు. తాళం మళ్ళీ వేసి, మోపెడ్డు స్టార్టు చేశాడు.

వనస్థలిపురంలో మాస్టారుండేది ఒక కాలనీ ఇంటి పై వాటా. కింద వాటాలో ఉన్నది సమ్మెలో కూర్చున్న ఒక గవర్నమెంటు ఉద్యోగి కుటుంబం. మెట్లెక్కి బెల్లు కొడితే, తలుపు వెంటనే తియ్యలేదు. లోపల ఏవో సర్దిన చప్పుడైంది. తర్వాత గొళ్ళెం తీసి, సూర్యప్రభ తొంగి చూసింది. మాస్టారి భార్య. వాణ్ణి చూసి ఊపిరి పీల్చుకుంది.

“మీరా అన్నయ్యగారూ. రండి, రండి. ఆయన పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళారు. కోఠీకట. వద్దన్నాను. వింటేనా?”

చక్రపాణి గుమ్మం దాటి లోపల కాలు పెట్టబోయి ఆగాడు. తలుపు వెనక, గోడ వారగా, చెప్పుల జతలు. పిల్లలవి. ఎవరింట్లోనైనా చెప్పులు గుమ్మం బయట ఉంటాయి. ఇక్కడ లోపల వరసగా దాచినట్టున్నాయి. వంటింటి వైపు పరదా వెనకనుంచి నలుగురైదుగురు గుసగుసలాడుతుంటే, ఎవరో ‘ష్’ అన్నారు.

సూర్యప్రభ అతని చూపు ఎటు పోయిందో చూసింది. తలుపు గొళ్ళెం పెట్టి వచ్చింది.

“మీ దగ్గర దాచమన్నారు,” అంది. “ఎవరికైనా చెప్పు కానీ చక్రపాణికి మాత్రం చెప్పొద్దన్నారు. తెలిస్తే అతనికి ఇబ్బంది, టెంటులో కూర్చునే మనిషి అన్నారు. సమ్మెవాళ్ళు సెంటరు మూయించిన రోజు ఆ ఊరేగింపులో మిమ్మల్ని చూశారు. వెనక వరసలో ఉన్నారట. మీ చెయ్యి అందరికంటే పైకి లేచిందని నవ్వారు కూడా.”

చక్రపాణి ఆ రోజు వెళ్ళిన మాట నిజమే. షట్టరు దిగిన ఆ సెంటర్లోనే సారు పాఠాలు చెప్తారనీ వాడికి తెలుసు. నిజమే అయినా, తెలంగాణ కావాలనుకోవడం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

“ఇంట్లనే చెప్తున్నరా పాఠాలు?”

“ఏం పాఠాలండీ. పరీక్షలు దగ్గరపడ్డాయని పిల్లల గోల, ఒక్కొక్కళ్ళూ వేరు వేరుగా వస్తారు. ఇవాళ లెక్కలిచ్చి, తనొచ్చేదాకా చేస్తూ ఉండమని వెళ్ళారు. బోర్డు ఉంది, కానీ రాస్తే సుద్ద టకటకమని కింది వాటాకి వినిపిస్తుందని దాన్ని అటక మీద పెట్టించారు. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుంటారు. మెల్లగా మాట్లాడుతూ చెప్తారు. ఆయనకేమో రాయనిదే మాట రాదాయె. లెక్క మధ్యలోకి వచ్చేసరికి కుడిచెయ్యి దానంతట అదే లేస్తుంది. మళ్ళీ ఎడంచేత్తో పట్టుకుని, తనే దించి, ఈ దిండు మీద పెట్టేసుకుంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతే. ఆ చెయ్యిని చూస్తే నాకే బాధేస్తుందండీ, కట్టేసిన కోడిలా.”

కుర్చీ చేతి మీద ఒక చిన్న దిండు ఉంది. మధ్యలో మణికట్టు ఆనిన చోట గుంట పడి ఉంది.

చక్రపాణి ఆ గుంటను చూస్తూ నిలబడిపోయాడు. నూనె కాదు. కొక్కేలు కాదు. స్ప్రింగు జారడం కాదు. మగ్గం అంతా సక్రమంగానే ఉంది, నాడె విసిరే చెయ్యే ఆగింది. పాతికేళ్ళుగా బోర్డు ఈ చివరనుంచి ఆ చివరకు పరుగెత్తి ఆ వాచీకి అన్నం పెట్టిన చెయ్యి, ఇప్పుడు దిండు మీద పస్తు ఉంటోంది. దాన్ని పస్తు ఉంచిన ఊరేగింపులో లేచిన తన చెయ్యి, అదే వాచీకి టెంటులో కడుపు నింపింది. ‘ఎప్పటి లెక్కనే ఆడుతున్నదా’ అని తను అడిగాడు. ‘ఎప్పటిలాగే’ అని ఆయన అబద్ధం చెప్పారు, తన మీద దయతో. తను ఇంకో ప్రశ్న మింగేశాడు, ఆయన మీద దయతో. ఇద్దరి దయా కలిసి ఆ మిషను మెడకు చుట్టుకుంది. ఒక్క మాట. ఒక్క మాట అడిగి ఉంటే మొదటిరోజే తేలిపోయేది. కడిగిన పెట్రోలంతా, గీకిన గ్రీజంతా, నేల మీద పాకిందంతా ఉత్తదే.

“ఏమైందన్నయ్యగారూ, కూర్చోండి, కాఫీ కలుపుతాను.”

“కూసోనీకి టైము లేదమ్మా. సార్ ఫోను తీస్కపోయిండ్రా?”

“తీసుకెళ్ళారు. కానీ పిల్లలకు చెప్పేటప్పుడు గంట మోగకుండా పెట్టి, తర్వాత మార్చడం మర్చిపోతుంటారు. ఎత్తుతారో లేదో.”

చక్రపాణి మెట్లు దిగాడు. కింది వాటా వరండాలో ఉద్యోగి పేపరు చదువుకుంటూ తలెత్తి, “జై తెలంగాణ అన్నా,” అన్నాడు. చక్రపాణి చెయ్యి అలవాటుగా పైకి లేవబోయి, సగంలో ఆగి, జేబులోకి పోయి ఫోను తీసింది. “జై తెలంగాణ,” అని నోటితోనే చెప్పి, గేటు దాటి, కిరాణా కొట్టు అవతల ఎవరూ లేని వేపచెట్టు కిందికి వచ్చాడు.

బస్సు ఈపాటికి మలక్‌పేట దాటి ఉంటుంది. చాదర్‌ఘాట్ దగ్గర కొంచెం ఆగుతుంది. తర్వాత కోఠీ. ఆ బ్యాటరీ వాడు బల్ల మీద గుడ్డ పరిచి, వెనక మూత తిప్పి తీసే లోపలే చెప్పాలి. ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకోవడం మొదలుపెట్టాడు. వాచీకి ఏ బీమారీ లేదు సార్, ఆకలి. అటక మీది బోర్డు దింపుండ్రి. సుద్ద చప్పుడయితే కింది ఆయనతోని నేను మాట్లాడుత, నేనే వచ్చి వరండాల కూసుంట. నాకు తెలిసిందని మీరు పరేషాన్ గావద్దు, నేను దాస్త, దాసుడు నాకు చాతనయితది. మీరు నన్ను ఊరేగింపుల చూసింది గూడ మాట్లాడుదాం, మనం మాట్లాడని ముచ్చట్లన్ని మాట్లాడుదాం, గని ముందుగాల ఆ మూత తెరవనియ్యకుండ్రి.

ఇంత పొడుగు మాట ఫోనులో చెప్పేలోగా అక్కడ మూత తెరుచుకుంటుంది. అదంతా తర్వాత. మొదట ఒక్కటే అనాలి, ‘చెయ్యి ఊపుండ్రి సార్’ అని. బస్సులో ఉన్నా సరే, రోడ్డు మీద ఉన్నా సరే, కుడిచెయ్యి బాగా ఊపి, ముల్లు కదిలిందో లేదో చూసి చెప్పమనాలి. కదిలితే ఆయనకే సమజవుతుంది.

బొటనవేలితో పేర్ల వరస కిందికి జరుపుకుంటూ పోయాడు. ‘బాపిరాజు సార్’ దగ్గర ఆగాడు. ఎత్తకపోతే మళ్ళీ చేస్తాడు. మళ్ళీ ఎత్తకపోతే మోపెడ్డు మీదే కోఠీ దాకా చేస్తూ పోతాడు.